మనాదికీ మందుకీ నడుమ పోతున్న కాలం

(అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం సందర్భంగా హనుమకొండలో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే విషయం గురించి మాట్లాడదలచుకున్నాను. మనసుకు బాధ మొదలైన రోజుకూ, ఆ బాధ గురించి తెలిసిన మనిషి ఎదుట మొదటిసారి కూర్చున్న రోజుకూ మధ్య మన ప్రాంతంలో ఎంత కాలం గడిచిపోతున్నది, ఆ కాలమంతా ఎక్కడ పోతున్నది అన్నదే ఆ విషయం. దిగులు (మన పల్లె మాటలో మనాది), గుండె దడతో వచ్చే భయం, నిద్రలేమి, తాగుడు, కాన్పు తరువాత వచ్చే కుంగుబాటు అరుదైన జబ్బులేమీ కావు. వీటిలో చాలా వరకు చికిత్సకు బాగా లొంగుతాయి. అయినా నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నెలలు, కొందరు ఏళ్లు గడిచిన తరువాతనే వస్తారు. ఈలోగా అప్పులు పెరుగుతాయి, కాపురాల్లో మాటలు తగ్గిపోతాయి, పిల్లల చదువు వెనకబడుతుంది. జబ్బు చేసిన నష్టం కన్నా ఆలస్యం చేసిన నష్టమే ఎక్కువని ఎన్నో ఇళ్ల విషయంలో నాకు అనిపించింది.

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవారిలో 10.6 శాతం మందికి, అంటే దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి, ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. చికిత్స అందనివారి శాతం మాత్రం జబ్బును బట్టి 70 నుంచి 92 వరకు ఉంది. ఆ పన్నెండు రాష్ట్రాలలో తెలంగాణ లేదు కనుక ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా మనకు అన్వయించడం సరికాదు. కానీ ఓపీలో కూర్చుని చూసే నాకు మన జిల్లాలు దీనికి మినహాయింపు అని ఏ రోజూ అనిపించలేదు.

ముందుగా ఒక భయాన్ని తొలగిస్తాను. ప్రతి దుఃఖానికీ జబ్బు పేరు పెట్టాలని నేను అనడం లేదు. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తీసుకుపోయిన రైతు, అనుకున్న ధర రాక, అప్పిచ్చిన వారికి ఏం చెప్పాలో తోచక వారం రోజులు నిద్ర లేకుండా గడిపితే అది జబ్బు కాదు, న్యాయమైన బాధ. బిడ్డను అత్తగారింటికి సాగనంపిన తల్లి నాలుగు రోజులు అన్నం ముట్టకపోతే అదీ జబ్బు కాదు. అటువంటి బాధలో ఉన్న మనిషి మధ్యమధ్య తేరుకుంటాడు, ఎవరో నవ్విస్తే నవ్వుతాడు, పని మీద పడితే కాసేపు మరచిపోతాడు. కుంగుబాటు జబ్బులో ఆ తేరుకోవడం ఉండదు. రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతి రోజూ, కనీసం రెండు వారాల పాటు మనసు దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులపై ఆసక్తి పోవడం, ఆకలి, నిద్ర, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తాను ఎందుకూ పనికిరాననీ తన వల్లనే ఇంటికి కష్టమనీ అనిపించడం, కొందరిలో బతకడమే దండుగ అనిపించడం దాని లక్షణాలు. ఇవన్నీ అందరిలో కనిపించాలని లేదు. రెండు వారాలు దాటినా తగ్గకుండా, మనిషి చేసుకునే పనికి అడ్డుపడుతున్నప్పుడు మాత్రం 'మనాది పెట్టుకున్నది, అదే పోతుంది' అని కూర్చోకూడదు.

ఇప్పుడు ఆ కాలం ఎక్కడ పోతున్నదో చూద్దాం. అందులో పెద్ద భాగం శరీర పరీక్షల్లో పోతున్నది. పరకాల వైపు ఒక పల్లె నుంచి నలభై అయిదేళ్ల ఆమె కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎవరో గుర్తుపట్టడానికి వీలు లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. చీరల దుకాణంవాళ్లు ఇచ్చిన సంచి నిండా కాగితాలు ఉన్నాయి. ఈసీజీలే అయిదు, గుండెకు ఎకో పరీక్షలు, కడుపు స్కానింగు, తలకు తీసిన సీటీ, ఒకే పరీక్ష రెండు మూడు చోట్ల మళ్లీ చేయించిన రక్త పరీక్షలు. ప్రతి కాగితం మీదా అంతా మామూలుగానే ఉన్నదని రాసి ఉంది. 'సారూ, పానం మంచిగ ఉంటలేదు' అన్నది ఆమె మొదటి మాట. అరికాళ్ల మంటలు, ఒళ్లంతా తిమ్మిర్లు, గుండె దడ, తల బరువు అన్నీ చెప్పింది కానీ, దిగులుగా ఉన్నదని మాత్రం అనలేదు. నిద్ర గురించి అడిగితే, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుందనీ, ఆ తరువాత పడుకోలేననీ చెప్పింది. ఆ సమయంలో ఏం ఆలోచనలు వస్తాయని అడిగితే కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ చాలాసేపు పలకలేదు. అప్పుడు నేను మాట మార్చి, 'ఈసారి బతుకమ్మకు పోయినవా అమ్మా' అని అడిగాను. 'రెండేండ్ల సంది పోలే సారూ, పోబుద్ధి అయితలేదు' అన్నది. కోడలు తలెత్తి ఆమె వైపు చూసింది. మోకాళ్ల నొప్పుల వల్ల అత్తమ్మ ఆడడానికి పోవడం లేదని ఇంట్లో అందరూ అనుకుంటున్నారట.

ఆ తిమ్మిర్లు, ఆ మంటలు ఆమె కల్పించుకున్నవి కావు. ఈ మాట కుటుంబ సభ్యులకు నేను ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే పరీక్షలన్నీ మామూలుగా వచ్చినప్పుడు ఇంట్లోవారు 'నీకేం లేదట, ఊకె చేస్తున్నవు' అంటారు, ఆ ఒక్క మాటతో ఆ మనిషి నోరు మూతపడుతుంది. ఆందోళన ఎక్కువ కాలం కొనసాగినప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ వంటి రసాయనాలు పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి, గుండె వేగం హెచ్చుతుంది. నిద్ర చాలనప్పుడు అదే నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. మనసు స్థితిని నియంత్రించే సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలకు నొప్పిని నియంత్రించడంలోనూ పాత్ర ఉంది కనుకనే, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు దీర్ఘకాలపు నొప్పులకూ పనిచేస్తాయి. దీనికి మరో వైపు కూడా ఉంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ బి12 తక్కువ కావడం వంటివి కూడా మనిషిని కుంగుబాటులో ఉన్నవారిలాగే నీరసంగా, నిరాసక్తంగా చేస్తాయి. అందుచేత ఒకసారి రక్త పరీక్షలు చేయించడం సరైన పనే. నా అభ్యంతరం అయిదో ఈసీజీ గురించి.

హఠాత్తుగా వచ్చే తీవ్ర భయం కూడా ఇలాగే గుండె డాక్టర్ల చుట్టూ తిప్పుతుంది. బస్సులోనో, పెళ్లి జనంలోనో, ఒక్కోసారి గాఢ నిద్రలోనో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతులు చల్లబడి, ఇప్పుడే చనిపోతానన్న బుగులు పుడుతుంది. సాధారణంగా పది నిమిషాల లోపు అది తారస్థాయికి చేరి, ఆ తరువాత మెల్లగా దిగిపోతుంది. మొదటిసారి ఛాతీలో నొప్పి, దడ వచ్చినప్పుడు ఆసుపత్రికి పరుగెత్తవలసిందే, గుండె సంగతి తేల్చుకోవలసిందే; ఇందులో నిర్లక్ష్యం వద్దు. గుండె బాగున్నదని తేలిన తరువాత కూడా ఇదే మళ్లీ మళ్లీ వస్తుంటే, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో మనిషి బస్సెక్కడం, ఒంటరిగా బయటికి పోవడం మానుకుంటుంటే, అది చికిత్స ఉన్న సమస్య అని తెలుసుకోవాలి. మందులతో పాటు, భయపడి మానుకున్న పనులను కొంచెం కొంచెంగా తిరిగి మొదలుపెట్టించే మాటల చికిత్స దీనికి చాలా బాగా పనిచేస్తుంది.

ఆలస్యానికి మరో దారి నిద్రగోళీల నుంచి పోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినదో, మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికినదో, అల్ప్రజోలం గోళీ వేసుకున్న రాత్రి నిద్ర పడుతుంది. నిద్ర పట్టింది కనుక జబ్బు తగ్గిందనుకుంటారు. కొన్ని వారాల పాటు రోజూ వాడితే అలవాటు పడే మందు అది. కొంతకాలానికి అదే మోతాదు చాలదు, మానితే నిద్ర పూర్తిగా పోయి వణుకు, చిరాకు, కొందరికి ఫిట్సు వస్తాయి. నిజామాబాద్, కామారెడ్డి వైపు కల్తీ కల్లు గురించి వినని వారు ఈ సభలో ఉండరు. అందులో కలిపేది ఎక్కువగా ఈ కోవకు చెందిన మత్తు మందులనే. ఆ కల్లు దొరకనప్పుడు జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల్లో చేరడం ఆ ప్రాంతం చాలాసార్లు చూసింది. కుంగుబాటుకు ఇచ్చే అసలు మందులు ఈ కోవకు చెందవు, వాటికి ఈ రకమైన వ్యసనం ఉండదు. 'మానసిక డాక్టర్ల మందులన్నీ మత్తు మందులే' అన్న మాట ఊళ్లో స్థిరపడిపోయిందంటే, ఈ నిద్రగోళీలను చూసి మిగతా మందులకు కూడా అదే పేరు పెట్టడం వల్లనే.

మగవారి ఆలస్యానికి ఒక సీసా అడ్డం ఉంటుంది. అప్పుల రందిలో ఉన్నవాడు, పని పోయి దుబాయి నుంచి వచ్చినవాడు, సింగరేణిలో రాత్రి షిఫ్టులతో నిద్ర చెడినవాడు దిగులుగా ఉన్నదని చెప్పడు, తాగుతాడు. తాగినందుకు ఇంట్లో తిట్లు పడతాయి, ఆ తిట్లలో అసలు బాధ మరుగున పడిపోతుంది. మద్యం తాగిన రాత్రి తొందరగా నిద్ర పట్టినా మధ్యరాత్రి దాటాక మెలకువ తెస్తుంది, దిగులును మరింత పెంచుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్సు రావడం, లేని మనుషులు కనిపించడం, ఎక్కడ ఉన్నాడో తెలియకపోవడం జరగవచ్చు, అది ప్రాణాపాయం కూడా. అయ్యప్ప మాల వేసుకున్న మూడో రోజున, కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన మూడో రోజున ఇలా జరిగితే గాలి సోకిందనీ, దీక్షలో తప్పు జరిగిందనీ కుటుంబం కలవరపడుతుంది. మానాలన్న సంకల్పం ఎంతో గొప్పది. మాల వేసుకోవడానికి ముందే డాక్టరును కలిస్తే ఆ మూడు నాలుగు రోజులు ఏ ప్రమాదమూ లేకుండా దాటించవచ్చు.

గాలి అన్నాను కనుక దేవుళ్ల మాట కూడా చెబుతాను. కొండగట్టు అంజన్న దగ్గర నిద్ర చేయడానికో, కాజీపేట దర్గాకో, వేములవాడ రాజన్న దగ్గరికో పోయి వచ్చిన తరువాతనే నా దగ్గరికి వచ్చేవారు చాలామంది. పోవద్దని నేను ఎవరికీ చెప్పను. అక్కడ ఆ మనిషితో పాటు తల్లో, అక్కో, అన్నో పనులన్నీ మానుకుని తోడుగా కూర్చుంటారు, ఎవరూ వెక్కిరించరు, ఆశ కలుగుతుంది. వీటి విలువ నాకు తెలుసు. నేను ఒప్పుకోనిది కొట్టడాన్ని, గొలుసులతో కట్టేయడాన్ని, బాణామతి చేశారంటూ పక్కింటి ముసలామె మీద అనుమానం పెంచుకోవడాన్ని, మందులు ఆపించడాన్ని. మొక్కు మొక్కుకోండి, గోళీ కూడా వేయించండి.

ఇక పేరు పోతుందన్న భయం. మన దగ్గర కోపం వస్తే ఎదుటివారిని 'ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. హైదరాబాద్‌లోని ఆ మానసిక ఆసుపత్రి ఎందరికో ప్రాణం పోసిన చోటు, దాని పేరు తిట్టు అయి కూర్చున్నది. మానసిక వైద్యుడి దగ్గరికి పోతే గదిలో బంధిస్తారనీ, కరెంటు పెడతారనీ, బిడ్డకు సంబంధాలు రావనీ అనుకుంటారు. నేను చూసేవారిలో అత్యధికులు ఓపీలో చీటీ రాయించుకుని, మందులు తీసుకుని, అదే రోజు బస్సులో ఇంటికి పోయేవారే. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉన్నది. జిల్లా స్థాయిలో ఈ వైద్యం అందాలన్న ఉద్దేశంతో కేంద్రం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని, 1996లో జిల్లా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అంటే ఈ వైద్యం హైదరాబాద్ దాకా పోతేనే దొరికేదేమీ కాదు.

కొత్త తల్లుల విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే వారి బాధను సంతోష సమయమన్న కారణంతోనే ఎవరూ పట్టించుకోరు. కాన్పు అయిన రెండు మూడు రోజులకు కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందిలో ఉంటుంది. అది రెండు వారాల లోపు తనంతట తానే సర్దుకుంటుంది. తల్లిగారింట్లో ఇరవై ఒకటో రోజు వేడుక జరుపుకుంటున్నప్పుడు కూడా ఆ పిల్ల ముఖంలో కళ లేకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోతే, తాను మంచి తల్లిని కానని పదే పదే అంటుంటే, అప్పటికి ఆ రెండు వారాలూ దాటిపోయాయి. 'మేం పదిమందిని కనలేదా' అని పెద్దలు అనకూడదు. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి. తల్లికి వింత మాటలు వినపడుతున్నా, బిడ్డ గురించి భయం గొలిపే ఆలోచనలు చెబుతున్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు, అది అత్యవసర స్థితి.

ఈ నగరంలో హాస్టళ్లలో ఉండి చదువుకునే ఇంటర్ పిల్లల గురించి తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆదివారం ఫోనులో మొదటి ప్రశ్న మార్కుల గురించి అడిగితే, రెండో ప్రశ్నకు వాళ్లు నిజం చెప్పరు. ముందు నిద్ర గురించి, తిండి గురించి, పక్క మంచం స్నేహితుడి గురించి అడగండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చెప్పవలసిన విషయానికి వస్తున్నాను. చనిపోవాలన్న ఆలోచన వచ్చిన మనిషి చాలాసార్లు ఏదో ఒక రూపంలో ఆ మాట బయటపెడతాడు. 'నేను లేకుంటే మీరు మంచిగుంటరు' అంటాడు, ఎవరికి ఎంత బాకీ ఉన్నదో ఒక్కసారిగా భార్యకు వివరంగా చెబుతాడు, ఇష్టమైన వస్తువులు ఇచ్చేస్తాడు. అటువంటప్పుడు నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, కానీ అడగడం వల్ల ఆ ప్రమాదం పెరగదని పరిశోధనలు చూపుతున్నాయి. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, 'తమ్మీ, బతకబుద్ధి అయితలేదా? చచ్చిపోవాలనిపిస్తున్నదా?' అని అడగండి. అవునన్న జవాబు వస్తే తిట్టవద్దు, ఒట్లు వేయించుకోవద్దు, పిల్లల ముఖం చూడు అని అప్పటికప్పుడు ఉపదేశం చేయవద్దు. ఎప్పటి నుంచి అని అడిగి, చెప్పేదంతా వినండి. ఆ రోజు ఒంటరిగా వదలకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. పత్తి, మిర్చి పండించే ఇళ్లలో పురుగుల మందులు మంచం కిందనో వంటగది మూలనో ఉండటం నేను చూశాను. వాటిని ఇంటికి దూరంగా, తాళం వేసి, తాళం చెవి వేరొకరి దగ్గర ఉండేలా చూడాలి. ఆ ఆలోచన చాలామందిలో కొన్ని గంటలు తీవ్రంగా ఉండి తగ్గుతుంది, ఆ గంటల్లో ప్రమాదకరమైనది చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన తరువాత ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాలలో 70 శాతం వరకు పడిపోయింది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ప్రయత్నం చేసి బతికినవారిని దాచిపెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కనుక వారిని ఆసుపత్రికి తెచ్చి, శరీరానికి వైద్యం పూర్తయ్యాక మనసు డాక్టరుకు కూడా చూపించకుండా ఇంటికి తీసుకుపోవద్దు.

చికిత్స ఎలా ఉంటుందో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే తెలియని దాని గురించే భయం ఎక్కువ. మొదటి రోజు మేము ఎక్కువగా అడుగుతాము, మీరు చెబుతారు. ఇంట్లోవారితోనూ మాట్లాడతాము, మీతో ఒంటరిగానూ మాట్లాడతాము. సమస్య తేలికగా ఉంటే మాటల చికిత్స, నిద్ర, దినచర్య సరిచేయడం చాలవచ్చు. మందు అవసరమైతే, కుంగుబాటు మందు ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో వికారం, కొంచెం తలనొప్పి ఉండవచ్చు. సరిగ్గా ఆ వారంలోనే 'ఈ మందు పడలేదు' అని ఆపేసేవారు ఎక్కువ. ఆపకుండా మాకు ఫోను చేసి చెప్పాలి. బాగయిన తరువాత కూడా సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగించి, ఆ తరువాత మెల్లగా తగ్గిస్తాము. పరకాల నుంచి వచ్చిన ఆ అమ్మకు అయిదో వారంలో నిద్ర కుదిరింది. అరికాళ్ల మంటలు అంతకన్నా ఆలస్యంగా తగ్గాయి.

ఆసుపత్రికి రావడానికి ఇంకా ధైర్యం చాలనివారు ఫోనులో మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉన్నప్పుడు 108కి చేయండి. ఏం మాట్లాడాలో తెలియక ఫోను చేయనివారు ఉంటారు. 'నాకు నిద్ర పడతలేదు' అని మొదలుపెడితే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.

ఇక మీరు అడగండి. ఎవరి గురించి అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. 'మా ఊళ్లో ఒకరికి' అని మొదలుపెట్టినా నేను అంతే శ్రద్ధగా జవాబు చెబుతాను, సభ అయిపోయిన తరువాత కూడా అరగంట ఇక్కడే ఉంటాను.